కొత్త కిచెన్ ప్లాన్ చేస్తున్నారా? ముందు ప్లగ్ పాయింట్లు లెక్కేయండి!
ఆఫర్‌లో ఎయిర్ ఫ్రయర్ కొనేశారు. ఇంటికొచ్చాక చూస్తే గట్టు మీద చోటుంది, ప్లగ్ పాయింటే లేదు! వెంటనే ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగేస్తాం. అసలు రిస్క్ అక్కడే మొదలవుతుంది.

లెక్క సింపుల్. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల కరెంటు. అంటే 6 ఆంపియర్ల సాకెట్ 1,380 వాట్ల వరకే మోస్తుంది, 16 ఆంపియర్లదైతే 3,680 వాట్లు. 750 వాట్ల మిక్సీకి చిన్న సాకెట్ చాలు. కానీ 2,000 వాట్ల ఇండక్షన్ స్టవ్, 1,500 వాట్ల ఎయిర్ ఫ్రయర్ ఒకే చిన్న బోర్డుకు పెడితే వైరు వేడెక్కి కరిగిపోవచ్చు, మంటలూ రావచ్చు.

అందుకే టైల్స్ వేయకముందే ఇంట్లోవాళ్లతో కూర్చోండి. పొద్దున్న టిఫిన్, లంచ్ బాక్సుల హడావుడిలో ఒకేసారి ఏవేవి ఆన్‌లో ఉంటాయో రాయండి. వాట్లు ఎంతో గ్యాడ్జెట్ మీదున్న స్టిక్కర్‌లోనే కనిపిస్తాయి. పెద్దవాటికి విడివిడిగా 16 ఆంపియర్ల పాయింట్లు, సింక్‌కి దూరంగా పెట్టించండి. షాక్ నుంచి కాపాడే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి.

గట్టు ఎత్తు మాత్రం మేస్త్రీకి వదిలేయొద్దు. రోజూ వంట చేసేవాళ్లను నిలబెట్టి, మోచేతికి కాస్త కిందకు వచ్చేలా కొలవండి. గ్యాడ్జెట్ నచ్చకపోతే మార్చేయొచ్చు, గట్టు మార్చాలంటే పగలగొట్టాల్సిందే!