జరగని పొగకు కట్టే లెక్క

2003 అక్టోబరులో నాటి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అనే గోండు గూడెం మహిళలు ప్రపంచ బ్యాంకుకు ఒక కొత్త రకం సరుకు అమ్మారు. అది 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్. ఆ వాయువును పట్టి ఎక్కడా నిల్వ చేయలేదు. గాలిలోకి వెళ్లకుండా ఆగిపోతుందని లెక్క మాత్రమే కట్టారు. పదేళ్లలో ఆ గూడెం 51 టన్నుల కానుగ నూనె తీస్తుందనీ, అంతమేరకు డీజిలు వాడకం తప్పుతుందనీ, తప్పిన డీజిలు పొగే ఆ 147 టన్నులనీ అంచనా. ప్రపంచ బ్యాంకు ఇచ్చింది 645 డాలర్లు, అంటే టన్నుకు నాలుగున్నర డాలర్ల లోపు. వాషింగ్టన్‌లో జరిగిన ఒక అంతర్జాతీయ సమావేశానికి ప్రతినిధులు విమానాల్లో, కార్లలో తిరగడంవల్ల వెలువడిన పొగకు ఈ కొనుగోలుతో చెల్లు అన్నారు. కానుగ చెట్టును నమ్ముకున్న మహిళలకు నాలుగు డబ్బులు రావడంలో తప్పేమీ లేదు. తప్పు ఆ చెల్లు వేయడంలోనే ఉంది. విమానాల పొగ ఆ వారంలోనే ఆకాశానికి చేరింది. దానికి బదులుగా చూపిన నూనె మాత్రం రాబోయే పదేళ్లలో గానుగాడవలసినది.

కార్బన్ క్రెడిట్ అంటే, ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌ను గానీ, అంతే వేడి పుట్టించే మరో వాయువును గానీ తగ్గించినట్టు ఇచ్చే ధ్రువపత్రం. దాన్ని కొన్న కంపెనీ తన పొగలో ఒక టన్ను తీసివేసి లెక్క చెప్పుకోవచ్చు. ఈ తీసివేతకే ఆఫ్‌సెట్ అని పేరు. బియ్యం కొంటే తూకం వేసి చూసుకుంటాం, పాలు కొంటే కొలిచి పోయించుకుంటాం. ఈ సరుకుకు అలాంటి తూకం లేదు. ప్రాజెక్టు లేకపోయి ఉంటే ఎంత పొగ వచ్చేదో ముందుగా ఊహించాలి, వచ్చిన పొగను అందులోంచి తీసివేయాలి, మిగిలినదే సరుకు. పవర్‌గూడలో నూనె ఎంత వచ్చిందో కొలవవచ్చు. నూనె లేకపోతే ఎంత డీజిలు కాలి ఉండేదో ఎవరు కొలవగలరు? జరగని దాన్ని కొలిచే పరికరం లేదు. ఈ వ్యాపారంలోని చిక్కులన్నీ ఈ ఒక్క చోటి నుంచే పుడతాయని నా నమ్మకం.

ఊహను డబ్బుతో ముడిపెడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి హెచ్‌ఎఫ్‌సి-23 కథను మించిన ఉదాహరణ లేదు. ఫ్రిజ్‌లకు, ఏసీలకు వాడే ఒక వాయువును తయారుచేస్తుంటే వ్యర్థంగా పుట్టే వాయువు ఇది. అప్పటి లెక్కల్లో దీని ఒక టన్ను 11,700 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. 1997 నాటి క్యోటో ఒప్పందం కింద ఏర్పడిన స్వచ్ఛ అభివృద్ధి విధానంలో, చైనా, భారత్ వంటి దేశాల్లోని కర్మాగారాలు ఈ వ్యర్థాన్ని కాల్చివేస్తే ఒక్కో టన్నుకు 11,700 క్రెడిట్లు వచ్చేవి. కాల్చడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. అమెరికా పరిశోధకుడు మైఖేల్ వారా 2007లో నేచర్ పత్రికలో ఆ తేడాను చూపారు: 10 కోట్ల యూరోల లోపు ఖర్చుతో అయ్యే పనికి 2012 నాటికి 470 కోట్ల యూరోల విలువైన క్రెడిట్లు దక్కబోతున్నాయి. చివరికి అసలు సరుకు కంటే దాని చెత్త మీదే ఎక్కువ రాబడి వచ్చే పరిస్థితి ఏర్పడింది. క్రెడిట్లు దక్కే కాలంలో వ్యర్థ వాయువు ఎక్కువగానూ, దక్కని కాలంలో తక్కువగానూ పుట్టిన కర్మాగారాలు ఉన్నట్టు తరువాతి పరిశీలనల్లో తేలింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే. 2013 నుంచి ఐరోపా సమాఖ్య తన మార్కెట్లో ఈ క్రెడిట్లను నిషేధించింది. 2016 అక్టోబరులో భారత ప్రభుత్వం ఈ వాయువును తమ సొంత ఖర్చుతోనే కాల్చివేయాలని మన ఉత్పత్తిదారులను ఆదేశించింది. వందల కోట్ల యూరోలు పోసి కొన్న పనిని ఒక్క ప్రభుత్వ ఉత్తర్వుతో చేయించవచ్చని అప్పటికి గానీ ఒప్పుకోలేదు.

ఇది ఒక్క వాయువుకు పట్టిన గతి అనుకుంటే పొరపాటు. ఐరోపా కమిషన్ కోసం జర్మనీకి చెందిన ఓకో ఇన్‌స్టిట్యూట్ 2016లో చేసిన అధ్యయనం ప్రకారం, పరిశీలించిన స్వచ్ఛ అభివృద్ధి ప్రాజెక్టుల్లో 85 శాతం నిజమైన అదనపు తగ్గింపు ఇచ్చే అవకాశం తక్కువ. క్రెడిట్ల డబ్బు రాకపోయినా ఆ ప్రాజెక్టుల్లోని గాలిమరలు, జలవిద్యుత్ కేంద్రాలు చాలావరకు కట్టి ఉండేవారే. అడవుల విషయంలో 2023లో సైన్స్ పత్రిక ఆరు దేశాల్లోని 26 ప్రాజెక్టుల మీద పరిశోధన ప్రచురించింది. చాలా చోట్ల అడవి నరికివేత చెప్పుకోదగినంత తగ్గలేదు. వాటిలో 18 ప్రాజెక్టులు ఇవ్వజూపిన క్రెడిట్లలో నిజమైన తగ్గింపుతో ముడిపడినవి 6 శాతమే. పొగ తక్కువ వచ్చే పొయ్యిలు పంచే ప్రాజెక్టులు తగ్గింపును సగటున 9 రెట్లు ఎక్కువ చేసి చూపినట్టు 2024లో మరో అధ్యయనం చెప్పింది. పొరపాట్లు సహజమైనవైతే కొన్ని ఎక్కువ వైపు, కొన్ని తక్కువ వైపు ఉండాలి. ఇవన్నీ ఒకే వైపుకు ఒరిగాయి. కారణం కళ్ల ముందే ఉంది. అమ్మేవాడికి లెక్క పెరిగితే రాబడి పెరుగుతుంది. కొనేవాడికి సరుకు చౌకగా దొరుకుతుంది. తనిఖీ చేసేవాడికి ఫీజు ఇచ్చేది ప్రాజెక్టు యజమానే. మామూలు బేరంలో అమ్మేవాడు మోసగిస్తే కొనేవాడు గొడవ చేస్తాడు. ఇక్కడ ఇద్దరికీ లాభమే గనుక అడిగే నోరు లేదు. నష్టపోయేది తీరంలోని జాలరి, ఎండలో కూలి చేసేవారు. వాళ్లు ఈ బేరంలో లేరు.

లెక్క నిజాయితీగానే కట్టారనుకుందాం. అప్పుడూ ఇంకో చిక్కు మిగులుతుంది. భూమి లోపల కోట్ల ఏళ్లుగా పడి ఉన్న బొగ్గును కాలిస్తే, ఆ కార్బన్‌లో కొంత భాగం వేల సంవత్సరాలు గాలిలోనే ఉండిపోతుంది. చెట్టు దాచుకున్న కార్బన్ చెట్టు నిలిచినంత కాలమే. అమెరికాలోని కాలిఫోర్నియా కార్బన్ మార్కెట్‌కు ఈ సంగతి తెలుసు. అందుకే అడవులు కాలిపోతే భర్తీ చేయడానికి కొన్ని క్రెడిట్లను బీమాలాగా పక్కన పెట్టింది. నూరేళ్ల కార్చిచ్చులకు సరిపోతుందనుకున్న నిల్వలో కనీసం 95 శాతం పదేళ్లలోపే మంటలకు హరించుకుపోయిందని 2022లో పరిశోధకులు లెక్క తేల్చారు. శాశ్వతమైన అప్పుకు తాత్కాలికమైన జమ చూపి ఖాతా మూసేయడం ఏ చిట్టాలోనూ చెల్లదు.

దీనికి గట్టి అభ్యంతరమే ఒకటి ఉంది. క్రెడిట్లు లేకపోతే అడవికీ, ఆదివాసీకీ ఆ మాత్రం డబ్బైనా ఎవరిస్తారు? అరకు లోయలో లైవ్లీహుడ్స్ కార్బన్ ఫండ్ పెట్టుబడితో, నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో ఆదివాసీ రైతులు కాఫీ తోటల మధ్య పండ్ల చెట్లు పెంచారు. ఆ చెట్లు నేలకూ ఇంటికీ మేలే చేస్తాయి. ఈ మాటను తేలిగ్గా తీసిపారేయలేం. కానీ చెట్లకు డబ్బివ్వడం వేరు, ఆ డబ్బు చూపి తన పొగ మాఫీ అయిందనడం వేరు. మొదటిది సాయం, రెండోది కొనుగోలు. మొదటిదానికి ఊహాగానాల లెక్క అక్కరలేదు. ఎన్ని చెట్లు బతికాయి, రైతుకు ఎంత ముట్టింది అని చూస్తే చాలు. మాఫీ దొరక్కపోతే కంపెనీలు డబ్బు ఇవ్వవని కొందరంటారు. కొంత తగ్గవచ్చు, నిజమే. అలాంటప్పుడు అడగవలసింది పన్ను. దాతృత్వం మీద ఆధారపడనవసరం లేదు. ఉపగ్రహాలతో లెక్కలు మెరుగుపడతాయన్న వాదన కూడా ఉంది. ఉపగ్రహం నిలిచిన చెట్టును చూస్తుంది. ప్రాజెక్టు లేకపోతే ఏ చెట్టు పడేదో అది చెప్పలేదు.

టన్ను ఎక్కడ తగ్గినా టన్నే, చౌకగా తగ్గేచోటే ముందు తగ్గిద్దాం అని అర్థశాస్త్రజ్ఞులు అంటారు. టన్ను నిజమైతే వాతావరణానికి ఆ మాట సరైనదే. మన దేశానికి సరైనదా? పారిస్ ఒప్పందంలోని ఆరో అధికరణం కింద ఒక దేశం తన తగ్గింపును మరో దేశానికి అమ్మితే, దాన్ని సొంత లెక్కలోంచి తీసేయాలి. ఒకే టన్నును ఇద్దరు చెప్పుకోకుండా పెట్టిన మంచి నియమం ఇది. దాని ఫలితం మాత్రం ఆలోచించదగినది. వరి మడిని ఆరబెట్టి తడపడం, కానుగ నూనె తీయడం వంటి సులువైన తగ్గింపులను మనం చౌకగా అమ్ముకుంటే, ఉక్కు, సిమెంటు వంటి ఖరీదైన తగ్గింపులే మన వంతుకు మిగులుతాయి. విత్తనాల గింజలు అమ్ముకున్న రైతు పరిస్థితే అది.

మన దేశం 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించి, 2023లో సొంత కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకాన్ని ప్రకటించింది. అందులో రెండు భాగాలున్నాయి. సిమెంటు, అల్యూమినియం వంటి పరిశ్రమలకు టన్ను ఉత్పత్తికి ఇంత పొగ అని పరిమితి పెట్టి, అంతకంటే తగ్గించినవారికి క్రెడిట్లు ఇచ్చేది మొదటిది. అక్కడ లెక్క కర్మాగారం పొగగొట్టం దగ్గరే తేలుతుంది కనుక అది చాలావరకు నమ్మదగినది. పరిమితి లేనివారు ప్రాజెక్టులు పెట్టి ఆఫ్‌సెట్ క్రెడిట్లు సంపాదించేది రెండోది. నల్లగొండ, కడప, నంద్యాల జిల్లాల్లో సిమెంటు బట్టీల పక్కన బతుకుతున్నవారికి ఈ తేడా చాలా ముఖ్యం. ఎక్కడో నాటిన మొక్కల కాగితం చూపి ఇక్కడి బట్టీ తన పరిమితిని దాటే వీలు ఎప్పటికీ ఇవ్వకూడదు. ప్రతి ఆఫ్‌సెట్ ప్రాజెక్టు ఏ ఊహ మీద నిలబడిందో, రైతు చేతికి ఎంత చేరిందో తెలుగులో, గ్రామసభ ముందు పెట్టాలి. ఐరోపాలో 2026 సెప్టెంబరు 27 నుంచి, ఆఫ్‌సెట్లు కొన్నామన్న కారణంతో సరుకు మీద ‘కార్బన్ న్యూట్రల్’ అని రాసుకోవడం చట్టవిరుద్ధం. మన మార్కెట్ నియమాలు ఇంకా రూపుదిద్దుకుంటున్నాయి గనుక అలాంటి నిబంధనను ఇప్పుడే చేర్చాలి.