పిల్లి గోళ్లు తీయించాలా?

మీ ఇంట్లో పిల్లి ఉందా? మంచం నవారు పీకిందా? చెల్లాయి చేతిమీద రక్కిందా? “దీని గోళ్లు తీయించేద్దాం” అని ఎవరైనా అన్నారా? ఆగండి! ముందు ఆ గోరు సంగతి తెలుసుకుందాం.

నంద్యాల నుండి అహోబిలం వెళ్లే దారిలో ఆళ్లగడ్డ వస్తుంది. అక్కడి శిల్పులు చెక్కే నరసింహునికి గోళ్లు ఎప్పుడూ బయటే ఉంటాయి. కాని, పక్కనే నల్లమల అడవిలో తిరిగే చిరుతపులి అడుగుజాడ బురదలో చూస్తే, సాధారణంగా గోళ్ల గుర్తులే కనబడవు! కుక్క అడుగులో కనబడతాయి. ఎందుకంటారా? చిరుత, పిల్లి ఒకే కుటుంబం. నడిచేటప్పుడు వాటి గోళ్లను రబ్బరులా సాగే బంధనాలు లోపలికి లాగి ఉంచుతాయి. కండరం బిగిస్తే గోరు బయటికొస్తుంది.

పిల్లికి ముందు కాళ్లకు పది, వెనుక కాళ్లకు ఎనిమిది గోళ్లుంటాయి. గోరు పుట్టేది వేలి చివరి ఎముక నుండి. అది మళ్లీ మొలవకూడదంటే ఆ ఎముకనే కోసేయాలి. అంటే మన వేలిని చివరి కణుపు దగ్గర నరికినట్లే! పిల్లి నడిచేది వేళ్లమీదే గదా. ఆపరేషన్ అయ్యాక నొప్పితో దాని నడక మారిపోవచ్చు. గోళ్లు లేక కరవడం మొదలుపెట్టవచ్చు. వీధికుక్క తరిమితే చెట్టెక్కలేదు.

అమెరికాలో 2019లో న్యూయార్క్ రాష్ట్రం, అంతకుముందే 2011లో ఇజ్రాయెల్, వైద్య అవసరం లేకుండా ఈ ఆపరేషన్ చేయరాదని చట్టం చేశాయి. మన దేశంలో 1960 నాటి చట్టం ప్రకారం జంతువుల అవయవాలను ఛేదించడం నేరం.

మరి నవారు సంగతి? పిల్లి గీకేది అల్లరికి కాదు. పాత గోటి పొరను ఊడగొట్టుకోవడానికి, ఒళ్లు విరుచుకోవడానికి, తన వాసన అంటించి “ఇది నా చోటు” అని చెప్పడానికి. కాబట్టి గీకవద్దంటే వినదు. గీకే చోటు మార్చాలి.

ఇలా చేసి చూడండి. పిల్లి నిలువునా చాచినంత ఎత్తు దుంగకు కొబ్బరితాడు బిగుతుగా చుట్టి, అది కదలకుండా నిలబెట్టండి. పిల్లి గీకే చోటనే ఉంచండి. గోళ్ల కొనలను మాత్రం పెద్దల చేత కత్తిరించండి; లోపల గులాబిరంగులో కనిపించే భాగంలో రక్తనాళం ఉంటుంది, దాని జోలికి పోరాదు.

ఒక హెచ్చరిక: పిల్లి రక్కినా, కరిచినా వెంటనే సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడగండి. పెద్దలకు చెప్పి ఆస్పత్రికి వెళ్లండి. రేబిస్ వ్యాధి సోకి, లక్షణాలు కనిపించాక బతకడం దాదాపు అసాధ్యం. పిల్లికీ టీకా వేయించండి.

ఇప్పుడు చెప్పండి, తీయవలసింది పిల్లి గోళ్లనా, మన తొందరపాటునా?