మందు కల్లు మానేవాడికి మందు కావాలి

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కల్లు దుకాణాలు మూతబడిన కొద్ది రోజులకే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం బారులు కట్టారు. చేతులు వణికేవాళ్లు, ఫిట్స్ వచ్చి పడిపోయినవాళ్లు, లేని మనుషులు కనబడుతున్నారని కేకలు పెట్టేవాళ్లు. అంతకుముందు 2015లో కల్తీ కల్లు మీద ఎక్సైజ్ దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఆసుపత్రులు చూసిందీ ఇదే. కల్లు దొరకక తాగుబోతులకు పిచ్చి లేచిందని తేలిగ్గా అనేస్తాం. డ్రగ్స్ అంటే పబ్బులు, గంజాయి ప్యాకెట్లు, పట్నం కుర్రాళ్లు అని మనకు ముద్ర పడిపోయింది. కూలి చేసుకునే నడివయసు మనిషికి ఈ స్థితి వచ్చినా, అది మాదకద్రవ్యం తెచ్చిన జబ్బేనని ఒప్పుకోవడానికి మనసు రాదు.

"కల్లు చెట్టు నుంచి వచ్చేదే కదా, ఒంటికి మంచిది."

తాటిచెట్టు, ఈతచెట్టు ఇచ్చే కల్లులోనూ ఆల్కహాల్ ఉంటుంది, ఇంచుమించు బీరులో ఉన్నంత. అది గంటల్లో పులుస్తుంది, మర్నాటికి నోట పెట్టలేం. చెట్టు పారే కాలం కూడా ఏడాదంతా ఒకేలా ఉండదు. మరి చుట్టుపక్కల చెట్లే లేని చోట, పన్నెండు నెలలూ, అన్ని సీసాలు ఎక్కడివి? వాటిలో ఉండేవి నీళ్లు, తీపికి శాకరిన్, మత్తుకు క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, ఆల్ప్రాజోలం. చివరి రెండూ డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందులు, మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చేవి. నాట్లు వేసి వచ్చి ఒళ్లు నొప్పులకని సీసా తాగే ఆడమనిషి, తనకు తెలియకుండానే నిద్రమాత్రలకు అలవాటు పడుతోంది. ఏ సీసాలో ఎంత కలిసిందో అమ్మేవాడికీ తెలియదు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగినవాళ్లలో పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఈ పాపాన్ని గీత కార్మికుడి నెత్తిన రుద్దడం అన్యాయం. మోకు కట్టుకుని ప్రాణాలకు తెగించి చెట్టెక్కేవాడి కల్లును అమ్ముడుపోకుండా చేసింది ఈ మందు కల్లే.

"దుకాణం మూస్తే వాళ్లే దారికొస్తారు. మనసు గట్టిదైతే మానలేరా?"

అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇది. మెదడు మితిమీరి ఉద్రేకపడకుండా గాబా అనే రసాయనం అదుపు చేస్తుంటుంది. ఆల్ప్రాజోలం, డైజిపాం ఆ అదుపును పెంచుతాయి. నెలల తరబడి బయటి నుంచి ఆ సాయం అందితే మెదడు దానికి తగ్గట్టు తనను తాను మార్చుకుంటుంది. ఆ సాయం హఠాత్తుగా ఆగిందా, పట్టు తప్పుతుంది. మొదట నిద్ర పట్టదు, చెమటలు, వణుకు, గుండెదడ వస్తాయి. తర్వాత ఫిట్స్, మతి తప్పడం. చూసేవాళ్లు లేకపోతే ప్రాణమే పోవచ్చు. ఇందులో మనసు గట్టిదనానికి ఏ పాత్రా లేదు. ఉక్కులాంటి మనిషికైనా ఫిట్స్ వస్తాయి.

అందుకే డాక్టర్లు అదే కోవకు చెందిన మందును లెక్కగా ఇచ్చి, వారాల మీద కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వస్తారు. "ఇక్కడా మత్తుమందే ఇస్తున్నారు" అని ఇంటివాళ్లు నాలుగో రోజే మాన్పించేస్తే పరిస్థితి మళ్లీ మొదటికొస్తుంది. కల్తీ దుకాణాల మీద దాడులు జరగాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. కానీ తాళం వేసే రోజుకే దగ్గరి ఆసుపత్రిలో ఈ మందులు, వాటిని వాడటం తెలిసిన డాక్టరు సిద్ధంగా లేకపోతే, కల్తీ చేసినవాడి నేరానికి తాగినవాడిని శిక్షించినట్టే.

"ఫిట్స్ వస్తే ఒక సీసా పోస్తే సర్దుకుంటుంది."

వణుకు తగ్గేమాట నిజమే. ఈ నమ్మకం బతికున్నదీ అందుకే. కానీ స్పృహ లేని మనిషి నోట్లో పోసింది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, 108కి ఫోన్ చేయండి. చేతిలో తాళంచెవులు పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు.

"ఆసుపత్రికి పోతే పోలీసు కేసు. ఎర్రగడ్డకు పోతే పిచ్చోడన్న పేరు."

మాదకద్రవ్యాల చట్టంలో 64ఏ సెక్షన్ ఉన్నదే ఈ భయం తీర్చడానికి. వాడకం, లేదా కొద్ది మోతాదు కేసులో ఉన్న వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు పొందిన చోట చికిత్సకు వచ్చి, దాన్ని పూర్తిచేస్తే ఆ నేరానికి విచారణ నుంచి రక్షణ ఉంది. మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులను 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం జబ్బుగానే లెక్కిస్తుంది. అంటే చికిత్స అడగడం హక్కు. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే 14446కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. డాక్టరు ముందు కూర్చున్నాక సిగ్గుపడకుండా మూడు సంగతులు చెప్పండి: ఎన్నేళ్ల అలవాటు, రోజుకు ఎన్ని సీసాలు, చివరి సీసా ఎప్పుడు తాగారు. మోతాదు కట్టడం మొదలయ్యేది అక్కడి నుంచే.