తప్పు డప్పుది కాదు, గదిది

కిందటి సంక్రాంతి సెలవుల్లో మా నాన్న డప్పును రికార్డు చేద్దామని పట్నంలో మిత్రుడి గదికి తీసుకెళ్లాను. పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ పదడుగులే. మైకు మంచిదే. వినిచూస్తే దెబ్బకూ దెబ్బకూ తేడా లేకుండా ఒకటే మోత. "డప్పు బయట కొట్టేది పెద్దాయనా, రికార్డింగుకు పనికిరాదు" అన్నాడు అక్కడున్న ఒకతను. నాన్న ఏమీ అనకుండా డప్పును సంచిలో పెట్టుకున్నారు. ఎమ్మెస్సీ ఫిజిక్సు చదువుతూ కూడా నేను ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను.

శబ్దం సెకనుకు దాదాపు 345 మీటర్లు పోతుంది. పదడుగుల గోడల మధ్య 57 హెర్ట్జ్ ధ్వని సరిగ్గా అర తరంగంగా ఇముడుతుంది, దాని రెట్టింపు 114 కూడా. అలా ఇమిడినవి దెబ్బ ఆగిపోయినా కాసేపు ఊగుతూనే ఉంటాయి. మూడు కొలతలూ ఒకటే అయితే మూడు వైపుల మోతా ఒకేచోట పోగవుతుంది. పెద్ద స్పీకరులో 57 హెర్ట్జ్ ధ్వని పెట్టి గదిలో నడిచి చూడండి (సెల్‌ఫోనులో అది పలకదు). మధ్యలో పలచబడుతుంది, మూలల్లో గుయ్యిమంటుంది.

అందుకే మందు మూలల్లోనే వేయాలి. మన హాస్టల్లో కోడిగుడ్ల అట్టలకు కొదవలేదు గానీ అవి ఈ మోతకు పనికిరావు. పీచు పదార్థం తనలోంచి కదిలే గాలిని రాపిడితో ఆపుతుంది. గోడను ఆనుకున్నచోట గాలి దాదాపు కదలదు. 114 హెర్ట్జ్‌కు అది బాగా కదిలేది గోడకు 75 సెంటీమీటర్ల దూరంలో. కాబట్టి మందం కావాలి, వెనుక ఖాళీ కావాలి.

మేము 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 4 అంగుళాల లోతున్న చెక్క చట్రాలు కొట్టాం. లోపల బాయిలర్లకు చుట్టే రాక్‌వూల్ పలకలు పెట్టి, పైన నూలుగుడ్డ బిగించాం. ఊదితే గాలి అవతలికి పోయే గుడ్డే వాడాలి, రెగ్జిన్ వద్దు. రాక్‌వూల్ దురద పెడుతుంది, ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు తప్పనిసరి. ఒక్కో మూలకు ఒకదానిపై ఒకటి రెండేసి చట్రాలను ఏటవాలుగా, మూలను మూసినట్టు నిలబెట్టాం. వెనుక ఖాళీలో అమ్మ కుట్టిన పాత బొంతలు కూరాం. మోత పూర్తిగా పోలేదు, చాలా తగ్గింది.

ఉగాదికి నాన్నను మళ్లీ పిలిచాను. ఈసారి చిర్ర దెబ్బ వేరుగా, సిటికెన పుల్ల చప్పుడు వేరుగా వినబడ్డాయి. నాన్న కళ్లు మూసుకుని మొత్తం విన్నారు.

"సిటికెన పుల్ల రెండుచోట్ల ఆలస్యమైందిరా, మళ్లీ తియ్యి" అన్నారు.