ఏమీ లేని కారు ఎందుకు మిగల్లేదు?

1979 మే నెలలో సుజుకీ కంపెనీ జపాన్‌లో ఆల్టో అనే చిన్న కారును 4,70,000 యెన్‌లకు అమ్మకానికి పెట్టింది. దేశమంతటా ఒకటే ధర, ఒకటే రకం. రేడియో కావాలంటే విడిగా కొనుక్కోవాలి. డ్రైవరుకు అవతలి వైపు తలుపుకు బయటి నుంచి తాళం పెట్టే రంధ్రమే లేదు. ముందు అద్దం మీద నీళ్లు చిమ్మడానికి మోటారు లేదు, చేత్తో పంపు నొక్కాలి. వెనక సీటు పేరుకు ఉంది. అందులో పెద్దవాళ్లు మోకాళ్లు ముడుచుకుని కూర్చోవాలి. ఇంజను 539 సీసీ, మూడు సిలిండర్ల టూ స్ట్రోక్. ఈ కారును జనం ఎగబడి కొన్నారు.

ఇప్పుడు మరో కారు సంగతి చూద్దాం. 1967 నుంచి 1970 వరకు టయోటా 2000జీటీ అనే స్పోర్ట్స్ కార్లు 337 మాత్రమే తయారయ్యాయి. వాటిలో ఏది ఎక్కడుందో వెతికి జాబితాలు రాసుకున్న అభిమానులు ప్రపంచమంతటా ఉన్నారు. అదే తొలి ఆల్టోను, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే చూడాలంటే మాత్రం చాలా వెతకాలి. ఎక్కువగా పుట్టినది తక్కువగా మిగిలింది. పాత జపాన్ కార్ల మీద ఇష్టం ఉన్నవాళ్లలో కొందరు ఈ మధ్య ఈ తేడాను గట్టిగా పట్టించుకుంటున్నారు. జీటీ, టర్బో లాంటి పేర్లున్న కార్లను వదిలి, వాటి కుటుంబంలోనే అన్నిటికన్నా చవకైన బేస్ మోడళ్ల కోసం వెతుకుతున్నారు. నాకు వాళ్ల పక్షమే నచ్చుతుంది.

బీరువాలో ధర్మవరం పట్టుచీర యాభై ఏళ్లు ఉంటుంది. రోజూ కట్టిన నూలు చీర బొంతగా, ఆ తర్వాత మసిగుడ్డగా మారిపోతుంది. కార్ల విషయంలోనూ ఇదే జరిగింది. అయితే దీని వెనక పన్నుల చట్టం ఉంది, తుప్పు రసాయనశాస్త్రం ఉంది, బ్రేకుల భౌతికశాస్త్రం ఉంది.

ముందు పన్ను సంగతి. ఆల్టోలో ఇన్ని వస్తువులు లేకపోవడానికి కారణం పిసినారితనం అనుకుంటే పొరపాటు. ఆ రోజుల్లో జపాన్‌లో ప్రయాణికుల కారు మీద 15.5 శాతం వస్తు పన్ను ఉండేది. సరుకు రవాణా బండికి ఆ పన్ను లేదు. సుజుకీ ఇంజనీర్లు ఆల్టోను కాగితాల మీద సరుకు బండిగా నమోదు చేశారు. సరుకు బండి అనిపించుకోవాలంటే వెనక సీటుకన్నా సామాను పెట్టే చోటు పెద్దదై ఉండాలి. అందుకే ఆ సీటు అంత ఇరుకైంది. చిన్న కార్లకు కేటాయించిన ‘కే’ తరగతిలో ఇంజను 550 సీసీ, పొడవు 3.2 మీటర్లు, వెడల్పు 1.4 మీటర్లు దాటకూడదన్న నిబంధన అప్పటికే ఉంది. ఆ పెట్టెలో, ఆ పన్ను గీత లోపల, ఆ ధరకు నలుగురిని మోసే బండి చేయాలి. అది చాలా కష్టమైన లెక్క. 1981లో ప్రభుత్వం నలుగురు కూర్చునే ఇలాంటి బండ్ల మీద కూడా పన్ను వేయగానే, ఇద్దరే కూర్చునే ఆల్టో వచ్చింది. చట్టం ఎటు కదిలితే సీట్లు అటు కదిలాయి.

అన్నిసార్లూ ఈ లెక్క ఫలించలేదు. 1961లో టయోటా పబ్లికా అనే కారును 3,89,000 యెన్‌లకు తెచ్చింది. దేశంలో ప్రతి ఇంటికీ అందే కారు ఉండాలన్న ప్రభుత్వ ఆలోచన 1955లోనే బయటికొచ్చింది. పబ్లికా దానికి జవాబు. గాలితో చల్లబడే రెండు సిలిండర్ల 697 సీసీ ఇంజను, తేలికైన ఒళ్లు, తక్కువ ఖర్చు. ఇంజనీరింగ్ పరంగా చూస్తే మెచ్చుకోవాల్సిన బండి. రేడియో లేదు, హీటర్ లేదు. అమ్మకాలు మాత్రం అనుకున్నట్టు సాగలేదు. జీవితంలో మొదటి కారు కొనే మనిషి దాంట్లో దర్జా కోరుకున్నాడు. పబ్లికా ఆ కోరికను తీర్చలేదు. 1963లో హంగులు జోడించిన డీలక్స్ వచ్చాకే అమ్మకాలు పుంజుకున్నాయి.

ఆ పాఠం నేర్చుకున్న ఇంజనీరు తత్సువో హసెగావా. పబ్లికా తర్వాత ఆయన తయారుచేసిన కారే 1966 నవంబరులో వచ్చిన తొలి కరోలా. 1077 సీసీ ఇంజను, స్టాండర్డ్ రకం ధర 4,32,000 యెన్‌లు. ప్రతి విషయంలోనూ కనీసం 80 మార్కులు రావాలి, కొన్నింటిలో దానికి మించి మనసును ఆకట్టుకునేది ఏదో ఉండాలి అన్నది ఆయన సూత్రం. స్టాండర్డ్ అన్న పేరు అప్పటి నుంచి ప్రకటనలో ధర చెప్పడానికి బాగా పనికొచ్చింది. షోరూముకు వచ్చిన మనిషి కొంచెం ఎక్కువ పెట్టి డీలక్స్ తీసుకునేవాడు. స్టాండర్డ్ రకాలు కంపెనీలకు, దుకాణాలకు, పనికి బండి కావాల్సినవాళ్లకు వెళ్లాయి. అంటే అన్నిటికన్నా ఎక్కువగా అరిగిపోయే చోట్లకు.

ఇక్కడి నుంచి చావు లెక్క మొదలవుతుంది. జపాన్‌లో ‘షాకెన్’ అనే నిర్బంధ తనిఖీ ఉంది. బ్రేకులు, స్టీరింగు, దీపాలు, పొగ అన్నీ చూసి పాసైతేనే బండి రోడ్డెక్కాలి. పదేళ్లు దాటిన కార్లకు 1995 వరకు ఇది ఏటా జరిగేది. ఆ తర్వాత కాలంలో, 13 ఏళ్లు దాటిన పెట్రోలు కార్ల మీద వార్షిక పన్ను కూడా పెంచారు. తనిఖీలో పాస్ చేయించడానికి అయ్యే మరమ్మతు ఖర్చు బండి ధరను దాటిన రోజున యజమాని దాన్ని తుక్కుకు ఇచ్చేస్తాడు. మరమ్మతు ఖర్చు బేస్ మోడల్‌కైనా టాప్ మోడల్‌కైనా దాదాపు ఒకటే. సెకండ్ హ్యాండ్ ధర మాత్రం బేస్ మోడల్‌కు బాగా తక్కువ. కాబట్టి ఆ గీతను ముందుగా దాటేది అదే. ఎవరూ దాని మీద పగబట్టలేదు. రెండు అంకెల మధ్య తేడా దాన్ని చంపింది.

తుప్పు ఈ లెక్కను ఇంకా తొందర చేసింది. హొక్కైదో, తోహోకు ప్రాంతాల్లో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఇనుము తుప్పు పట్టడం నిజానికి చిన్న విద్యుత్ చర్య. రేకు మీద ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను వదులుతుంది, మరోచోట నీరు, ఆక్సిజన్ కలిసి వాటిని అందుకుంటాయి. ఉప్పునీటిలో విద్యుత్తు సులువుగా పారుతుంది కాబట్టి ఈ చర్య వేగం పెరుగుతుంది. పైగా క్లోరైడ్ అయాన్లు ఇనుము మీద ఏర్పడే రక్షణ పొరను చీలుస్తాయి. ఈ కార్లలో విడిగా ఛాసిస్ ఉండదు, రేకు ఒళ్లే బరువు మోస్తుంది. తలుపుల కింది పట్టీలను, చక్రాల గూళ్లను తుప్పు తినేసిందంటే బండి ప్రాణం పోయినట్టే. షెడ్డులో దాచిన కారుకూ, ఆరుబయట మంచులో నిలబెట్టిన పని బండికీ తేడా ఇక్కడే బయటపడుతుంది.

అయినా మిగిలిన బేస్ మోడళ్లను చివరికి అభిమానులే మింగేశారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే భాగం ఇది.

1983లో వచ్చిన కరోలా లెవిన్, స్ప్రింటర్ ట్రూనో కార్లను ఏఈ86 అన్న కోడ్‌తో ప్రపంచమంతా గుర్తుపడుతుంది. వాటిలోది 1587 సీసీ, 16 వాల్వుల ఇంజను, 130 హార్స్‌పవర్. అదే ఒళ్లుతో ఏఈ85 అనే చవక తోబుట్టువు కూడా వచ్చింది. అందులో 1452 సీసీ ఇంజను, 83 హార్స్‌పవర్, వెనక డ్రమ్ము బ్రేకులు. షుయిచి షిగెనో 1995లో మొదలుపెట్టిన ‘ఇనిషియల్ డి’ బొమ్మల కథలో కథానాయకుడి స్నేహితుడు ఇత్సుకి 86 అనుకుని 85ను కొని అవమానపడతాడు. ఆ కథ వల్ల 86కు గిరాకీ ఆకాశాన్నంటింది. తుప్పు పట్టిన 86 ఉన్నవాళ్లకు మంచి ఒళ్లు కావాలి. 85 ఒళ్లు సరిగ్గా సరిపోతుంది. అలా 85లు ముక్కలయ్యాయి, లేదా 86 వేషం వేసుకున్నాయి.

ఆ మార్పిడి చేసినవాళ్లకు బేస్ మోడల్ ఎంత పొందికైనదో తెలిసి ఉంటుంది. వేగంగా పోయే బండిని ఆపడమంటే దాని గతిశక్తిని వేడిగా మార్చడమే. ఆ శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది: వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలు. డ్రమ్ములో వేడి లోపలే నిలుస్తుంది, డిస్కుకు గాలి తగులుతుంది. 83 హార్స్‌పవర్‌కు చాలిన డ్రమ్ములు 130కి చాలవు. ఇంజను మారిస్తే బ్రేకులు మార్చాలి, వెనక ఇరుసు మార్చాలి, డిఫరెన్షియల్ మార్చాలి. చక్రాల సంగతీ అంతే. పవర్ స్టీరింగు లేని బండికి సన్నటి టైర్లు వేస్తారు, ఎందుకంటే నిలబడి ఉన్న బండి స్టీరింగు తిప్పినప్పుడు టైరు నేలను రాసుకుంటుంది. టైరు వెడల్పు, ముందు చక్రాల మీది బరువు పెరిగేకొద్దీ ఆ రాపిడికి భుజాలు నొప్పెడతాయి. అందం కోసం వెడల్పు అలాయ్ చక్రాలు బిగించినవాళ్లు స్టీరింగు బరువని ఫిర్యాదు చేస్తారు. తప్పు స్టీరింగుది కాదు. చిన్న ఇంజను, సన్న టైర్లు, చిన్న బ్రేకులు, తక్కువ బరువు ఒకదానికొకటి కొలిచి చేసినవి.

తక్కువ బరువు విలువ రేసు కార్లు చేసినవాళ్లకు బాగా తెలుసు. 900 కిలోల కారులో 45 కిలోలు తగ్గిస్తే, అదే ఇంజనుతో ఒక్కో కిలోకు అందే శక్తి సుమారు 5 శాతం పెరుగుతుంది. 1969 నాటి నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్‌కు ధర 15 లక్షల యెన్‌లు ఉన్నా, రేడియో, హీటర్ విడిగా కొనుక్కోవాల్సినవే. అన్నిటికన్నా ఖరీదైనదీ, అన్నిటికన్నా చవకైనదీ ఒకే ఖాళీ డ్యాష్‌బోర్డు దగ్గర కలిశాయి. ఒకదానిలోని ఖాళీకి ఇప్పుడు కోట్లు పలుకుతున్నాయి, రెండోదానిలోని ఖాళీని లోటుగా చూశారు.

ఆ స్కైలైన్ కుటుంబంలోనే చవకైన 1500 సీసీ సెడాన్ ఉండేది. ఆరు సిలిండర్ల ఇంజను పట్టడానికి జీటీ రకాల ముందు భాగాన్ని పొడిగించారు. 1500ది పొట్టి ముక్కు. కోడ్ చదవడం వస్తే వంశం తెలుస్తుంది. ఉత్త సీ10 అంటే నాలుగు సిలిండర్లది. ముందు జీ చేరితే ఆరు సిలిండర్లు. పీ చేరితే జీటీ-ఆర్‌లోని 24 వాల్వుల ఎస్20 ఇంజను. కే అంటే రెండు తలుపుల హార్డ్‌టాప్. ఎందరో స్కైలైన్ 2000జీటీ హార్డ్‌టాప్‌లకు జీటీ-ఆర్ వేషం వేశారు, వేషం కోసమైనా అవి బతికాయి. పొట్టి ముక్కు 1500 ఆ వేషానికీ పనికిరాలేదు. దాన్ని తుక్కుకు పంపడానికి ఎవరూ వెనకాడలేదు.

ఇప్పుడు ఒక బేస్ మోడల్‌ను మళ్లీ పూర్వ రూపానికి తేవాలంటే ఖరీదైన మోడల్‌కన్నా కష్టం. జీటీ-ఆర్ బ్యాడ్జీలు, గ్రిల్లులు కొత్తగా చేసి అమ్మేవాళ్లున్నారు. స్టాండర్డ్ కారు రబ్బరు చాప, వినైల్ సీటు గుడ్డ, రేడియో చోట బిగించే ఖాళీ బిళ్ల, ఉత్త ఇనప చక్రం ఎవరు చేస్తారు? మొదటి యజమాని వెంటనే తీసి పారేసినవి అవే. హమామత్సులోని సుజుకీ మ్యూజియం, నాగకుతెలోని టయోటా మ్యూజియం, జామాలోని నిస్సాన్ సేకరణ లాంటివి ఉన్నాయి కాబట్టి కొన్ని నమూనాలైనా దక్కాయి.

ఈ కథకు మన వైపు కొనసాగింపు ఉంది. 1983 డిసెంబరులో హర్యానాలోని గుర్గావ్ నుంచి బయటికొచ్చిన తొలి మారుతి 800 ఈ ఆల్టో ఒళ్లుతో వచ్చిన కారే, టూ స్ట్రోక్‌కు బదులు 796 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజనుతో. 1986లో దాని రూపం మారింది. కాలుష్య నిబంధనలు మారడంతో 2010లో హైదరాబాద్ సహా 13 నగరాల్లో 800 అమ్మకాలు ఆగాయి, 2014 జనవరిలో తయారీ ఆగింది. ఏసీ లేని స్టాండర్డ్ 800 తెలుగు ఊళ్లలో డాక్టర్లకు, లెక్చరర్లకు, వ్యాపారులకు మొదటి కారు. ఇక్కడా అదే వరస నడుస్తోంది: 15 ఏళ్లకు రిజిస్ట్రేషన్ ముగుస్తుంది, అయిదేళ్లకోసారి పొడిగించాలి, టింకరింగ్ ఖర్చు బండి ధరను దాటుతుంది, బండి తుక్కుకు పోతుంది.

1986కు ముందరి 800 మీ ఇంట్లోనో, ఊళ్లో చుట్టాల పెరట్లోనో ఉంటే దాన్ని అలాగే ఉంచమని నా మనవి. ఇనప చక్రాలు తీసేసి అలాయ్ వేయించకండి, చోక్ తీగ పీకించకండి, సీట్ల మీది పాత రెగ్జీన్ పారేయకండి, ఆర్.సి.తో పాటు కొన్ననాటి బిల్లు దాచండి. కేంద్రం 2021లో తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఒంటికీ ఇంజనుకూ పెద్ద మార్పులు చేయని బండికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. తొలి మారుతి 800లు ఆ అర్హతకు చేరేది 2033 డిసెంబరులో.