వైర్‌లెస్ గేమింగ్ హెడ్‌సెట్: తొలి పరిచయము

నేటి విద్యార్థిలోకమున క్రొత్తగా కనిపించుచున్న పరికరములలో వైర్‌లెస్ గేమింగ్ హెడ్‌సెట్ ఒకటి. రెండు చెవులను పూర్తిగా కప్పు మెత్తని దిండ్లు, వాటిని తలమీదుగా కలుపు పట్టీ, నోటి ముందునకు వంగిన చిన్న మైకు ఇందులో ఉండును. తీగ మాత్రము ఎక్కడను లేదు. దీనిని మొదటిసారి ధరించినవారికి కలుగు అనుభవము ఇంచుమించు ఒకటే. బయటి సందడి తగ్గును. ఆటలో ప్రత్యర్థి అడుగుల చప్పుడు ఎడమ ప్రక్కనుండి వచ్చుచున్నదో, కుడి ప్రక్కనుండి వచ్చుచున్నదో స్పష్టముగా తెలియును. తుపాకి పేలినచో చెవిలోనే పేలినట్లుండును. ఐదు నిమిషములలో "దీనిని కొనవలసినదే" యను నిర్ణయమునకు వచ్చుట సహజము. అయితే ఆ ఐదు నిమిషములలో మన చెవికి తెలియని సంగతులు కొన్ని కలవు. అవియే ముఖ్యమైనవని వివరించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ముందుగా దీని పనితీరును తెలిసికొందము. కంప్యూటరులో ధ్వని అంకెల రూపమున ఉండును. ఆటలలో సాధారణముగా ఒక్క సెకండునకు 48,000 నమూనాలు ఉండును. ఈ అంకెలను కుదించి, చిన్న చిన్న పొట్లములుగా కట్టి, రేడియో తరంగములమీద పంపుదురు. హెడ్‌సెట్‌లోని గ్రాహకము వాటిని అందుకొని, విప్పి, తిరిగి విద్యుత్ప్రవాహముగా మార్చును. ఆ ప్రవాహము అయస్కాంతము నడుమనున్న సన్నని తీగచుట్టలో పోవునప్పుడు చుట్ట ముందునకు, వెనుకకు కదలును. దానికి అతికించిన పలుచని పొర గాలిని కదిలించును. అదియే మనము విను ధ్వని. హెడ్‌ఫోను అనునది క్రొత్త వస్తువు కాదు. 1910 ప్రాంతమున అమెరికాలోని యూటా రాష్ట్రమునకు చెందిన నాథానియెల్ బాల్డ్విన్ తన వంటయింటిలో వీటిని తయారుచేసి ఆ దేశపు నౌకాదళమునకు అందించెను. క్రొత్తదనమంతయు తీగ తొలగిపోవుటలోనే యున్నది.

ఈ హెడ్‌సెట్లలో అధికభాగము 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యము దగ్గర పనిచేయును. మన దేశమున తక్కువ శక్తిగల పరికరములు ఈ పట్టీని లైసెన్సు లేకుండ వాడుకొనుటకు 2005లో అనుమతి నిచ్చిరి. ఉచిత సత్రమునకు యాత్రికులు ఎక్కువగా చేరినట్లు వైఫై, బ్లూటూత్ మొదలైనవి అన్నియు అక్కడనే చేరినవి. మైక్రోవేవ్ పొయ్యి పనిచేయునదియు ఈ పౌనఃపున్యము దగ్గరనే. ఈ రద్దీలో సంకేతము చెడిపోకుండుటకు బ్లూటూత్ ఒక ఉపాయమును అనుసరించును. తరంగపు పౌనఃపున్యమును సెకండునకు 1,600 సార్లు మార్చుచు గంతులు వేయుచు పోవును. ఇట్టి ఆలోచనకే సినీనటి హెడీ లమార్, సంగీతకర్త జార్జ్ ఆంథైల్ కలిసి 1942లో అమెరికాలో పేటెంటు పొందిరి. టార్పెడోను నడుపు రేడియో సంకేతమును శత్రువు అడ్డగింపకుండ చేయుట వారి లక్ష్యము. బ్లూటూత్‌కు సంబంధించిన కృషి 1994లో స్వీడన్‌లోని ఎరిక్సన్ సంస్థలో ఆరంభమైనది.

ఇక ఆలస్యము సంగతి. ధ్వనిని కుదించుటకు కొంత సమయము, విప్పుటకు కొంత సమయము పట్టును. దారిలో ఒక పొట్లము తప్పిపోయినచో మరల పంపవలెను. కుళాయి ఎప్పుడు ఆగునో తెలియక మనము తొట్టిలో నీరు నిలువచేసికొన్నట్లు, హెడ్‌సెట్ కూడ కొంత ధ్వనిని ముందుగా నిలువచేసికొని తరువాత వినిపించును. ఎంత నిలువయో అంత ఆలస్యము. సాధారణ బ్లూటూత్‌లో ఇది తరచుగా 150 నుండి 250 మిల్లీసెకండ్ల వరకు ఉండును. గాలిలో ధ్వని సెకండునకు సుమారు 343 మీటర్లు పయనించును. కావున 200 మిల్లీసెకండ్ల ఆలస్యమనగా, ఎదుటనే ఉన్న తుపాకి చప్పుడు 68 మీటర్ల దూరమునుండి వినవచ్చినట్లు. సెకండునకు 60 బొమ్మలు చూపు ఆటలో అంతలో 12 బొమ్మలు గడచిపోవును.

సినిమా చూచునప్పుడు ఈ లోపము తెలియదు. ఏలనన చిత్రమును కూడ అంతే ఆలస్యముగా చూపి రెండింటిని సరిచేయు ఏర్పాటు చాల పరికరములలో కలదు. ఆటలో అది సాధ్యము కాదు. ఆటగాడు మీట ఎప్పుడు నొక్కునో యంత్రమునకు ముందుగా తెలియదు గదా! అందువలననే గేమింగ్ హెడ్‌సెట్లతో డాంగిల్ అను చిన్న యు.ఎస్.బి. పరికరమును ప్రత్యేకముగా ఇచ్చుదురు. దానితో ఆలస్యము సాధారణముగా 20 నుండి 40 మిల్లీసెకండ్లకు తగ్గును. కొనదలచినవారు సినిమా పాటతో గాక, ఆటలోనే మీట నొక్కి ధ్వని ఎప్పుడు వచ్చునో పరీక్షింపవలెను. పాత పద్ధతి బ్లూటూత్‌లో మైకు తెరచిన వెంటనే వినవచ్చు ధ్వని టెలిఫోను స్థాయికి దిగజారును. కావున మైకు తెరచి మాటలాడుచు కూడ ఒకసారి వినవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన విషయము ధ్వని తీవ్రత. ఒకే ధ్వనిని కొంచెము హెచ్చించి వినిపించినచో అది మేలైన ధ్వనియని చెవి భ్రమపడును. తొలి పరిచయమున మనలను ఆకర్షించునది చాలవరకు ఈ హెచ్చు ధ్వనియే. మన లోపలి చెవిలోని కర్ణావర్తమున, ఒక్కొక్క చెవికి సుమారు 15,000 రోమకణములు కలవు. ఇవి నశించినచో మానవులలో తిరిగి పుట్టవు. నష్టము మొదట నొప్పిగా తెలియదు. ఆట ముగిసిన తరువాత చెవిలో హోరు వినిపించుట ఒక హెచ్చరిక. సామాన్యముగా మొదట దెబ్బతినునది హెచ్చు పౌనఃపున్యముల వినికిడి. అనగా స, శ, ష వంటి అక్షరములు అస్పష్టమగును. తరగతిలో వెనుక వరుసన కూర్చున్న విద్యార్థికి అధ్యాపకుని గొంతు వినబడును గాని మాట తెలియదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించిన హద్దు 80 డెసిబెల్‌ల వద్ద వారమునకు 40 గంటలు. పిల్లలకు 75 డెసిబెల్‌లు. తీవ్రత 3 డెసిబెల్‌లు పెరిగినపుడెల్ల వినదగిన కాలము సగమగును. 83 వద్ద 20 గంటలు, 86 వద్ద 10, 89 వద్ద 5, 92 వద్ద రెండున్నర, 95 వద్ద ఒకటింబావు గంట మాత్రమే. రోజునకు మూడు గంటలు ఆడు విద్యార్థికి వారమునకు 21 గంటలగును. 83 డెసిబెల్‌లకే అతని హద్దు దాటినది. 2022లో వచ్చిన హైపర్‌ఎక్స్ క్లౌడ్ ఆల్ఫా వైర్‌లెస్ అను హెడ్‌సెట్ ఒకసారి చార్జి చేసినచో 300 గంటలవరకు పనిచేయునని దాని తయారీదారులు ప్రకటించిరి. పూర్వము బ్యాటరీ అయిపోయి ఆట ఆగెడిది. ఇప్పుడు ఆపవలసినవాడు ఆటగాడే.

వీడియో ఆటలలో సురక్షితమైన వినికిడికి ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2025లో ఒక ప్రమాణమును వెలువరించినవి. ఆటగాడు విన్న ధ్వని మోతాదును లెక్కించి హెచ్చరించుట, ఆటలోని వేరువేరు ధ్వనులను వేరువేరుగా తగ్గించుకొను సౌకర్యము కల్పించుట అందులోని ముఖ్యాంశములు. ఆటలో అట్టి ఏర్పాటు ఉన్నచో తుపాకి చప్పుడు తగ్గించి, మిత్రుని మాటను అట్లే ఉంచవచ్చును. ధ్వనిని గరిష్ఠమున 60 శాతమునకు మించనీయకుండుట, మధ్యమధ్య హెడ్‌సెట్ తీసి చెవికి విశ్రాంతి నిచ్చుట ఎవరైనను పాటింపదగినవి. కళాశాలలు భాషా ప్రయోగశాలలకు, కంప్యూటరు గదులకు హెడ్‌సెట్లు కొనునప్పుడు ధ్వనికి హద్దు విధించు ఏర్పాటు కలవానిని ఎన్నుకొనుట మేలు.

విద్యార్థి మిత్రులారా! ఆట ఆడవద్దని గాని, ఈ పరికరము కూడదని గాని ఇచ్చట చెప్పుట లేదు. ఇది ఎన్నో మేధస్సుల కృషిఫలము. కొనుటకు ముందు తక్కువ ధ్వనిలో విని చూడుడు. మీట నొక్కి ఆలస్యమును పరీక్షింపుడు. మైకు తెరచి మాటలాడి చూడుడు. ఈ మూడు పరీక్షలకు పట్టునది పది నిమిషములు. హెడ్‌సెట్ పాడైనచో మరియొకటి కొనవచ్చును. పాడైన చెవికి బదులు చెవి ఏ అంగడిలోను దొరకదు.