లోహాన్ని పట్టిచ్చే దీపం

పిల్లలూ, బదిలీ మీద కొత్త క్వార్టర్‌లో దిగగానే మనం కుళాయి తిప్పి నీళ్ళు చూస్తాం. ఒక ఊళ్ళో చప్పగా, ఒక ఊళ్ళో ఉప్పగా ఉంటాయి. ఇక్కడ ఢిల్లీ చుట్టుపక్కల బోరు నీళ్ళయితే బకెట్‌కు తెల్లటి పొర కడుతుంది. అది కాల్షియం, మెగ్నీషియం లవణాల గుర్తు.

సీసం, పాదరసం అలా కనబడవు. కాస్తే క్రిములు చస్తాయి కాని లోహాలు పోవు. తాగే నీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదని మన దేశ ప్రమాణం. అంత కొంచెాన్ని కనిపెట్టడం ఎలా?

లోహం తగలగానే వెలిగే అణువును తయారు చేయడం ఒక మార్గం. అందులో మూడు భాగాలుంటాయి: లోహ అయాన్‌ను పట్టుకునే ‘చెయ్యి’, వెలుగునిచ్చే ‘దీపం’, రెండింటినీ కలిపే ‘కాడ’. అతినీలలోహిత కాంతి పడితే దీపం వెలగాలి. కాని చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు దానిలోని నైట్రోజన్ తన ఎలక్ట్రాన్‌ను దీపానికి పంపి ఆర్పేస్తుంది. లోహ అయాన్ వచ్చి చేతిలో కూర్చుంటే ఆ ఎలక్ట్రాన్లు దాన్ని పట్టుకునే పనిలో పడతాయి. ఇక ఆర్పేవారు లేరు, దీపం వెలుగుతుంది.

శ్రీలంకకు చెందిన రసాయన శాస్త్రవేత్త ఎ. ప్రసన్న డిసిల్వా 1986లో ఆంత్రసీన్ అనే దీపానికి క్రౌన్ ఈథర్ అనే ఉంగరం లాంటి చెయ్యి తగిలించి ఈ సూత్రాన్ని చూపారు. రక్తంలో సోడియం, పొటాషియం కొలిచే ఆసుపత్రి పరికరాల్లోకి కూడా ఈ పద్ధతి చేరింది.

అసలు కష్టం వెలిగించడంలో లేదు, ఎంచుకోవడంలో ఉంది. నీటిలో కాల్షియం లీటరుకు 75 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చు. సీసం హద్దుతో పోలిస్తే అది 7,500 రెట్లు! అంత గుంపును వదిలేసి ఒక్క సీసాన్నే పట్టాలి. అందుకే ఉంగరం కొలతను అయాన్‌కు సరిపోయేలా అమరుస్తారు. పాదరసం కావాలంటే చేతిలో గంధకం పెడతారు, ఆ రెండింటికీ పొత్తు ఎక్కువ. రాగి, ఇనుము మాత్రం తరచు దీపాన్ని ఆర్పేస్తాయి. మురికి నీరు కూడా వెలుగును తగ్గించగలదు. కాబట్టి వెలిగే అణువు అనుమానం చెబుతుంది, ప్రయోగశాల ఖాయం చేస్తుంది.

యమునలో, ఘజియాబాద్ మీదుగా పారే హిండన్‌లో ఫ్యాక్టరీల వ్యర్థజలం కలుస్తోంది. రేపు మనం ఏ ఊరికి వెళ్ళినా నీళ్ళు తేటగా ఉన్నాయని ఊరుకోవద్దు. ఇవి ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎప్పుడు పరీక్షించారు అని అడుగుదాం.